పుట్టగొడుగు లోపల ఏముంది?

మన రెండు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ కాలేజీల గురించి ఎవరు రాసినా ఒక మాట వాడకుండా వదలరు: "పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి" అని. ఆ మాటలో రెండు ఎత్తిపొడుపులున్నాయి. ఒకటి, రాత్రికి రాత్రే మొలిచాయని. రెండోది, లోపల సరుకు లేదని. కాలేజీల సంగతి మన ప్లేస్‌మెంట్ సెల్ చూసుకుంటుంది కాబట్టి పక్కన పెడదాం. పుట్టగొడుగుల విషయంలో మాత్రం ఈ రెండు మాటలూ తప్పే. అవి రాత్రికి రాత్రే తయారు కావు. ఇక సరుకంటారా, ఉన్న సరుకు గురించే బోలెడు గందరగోళం నడుస్తోంది.

ఫోన్ తెరిస్తే "మాంసాన్ని మించిన ప్రోటీన్", "ఇమ్యూనిటీకి తిరుగులేని మందు", "క్యాన్సర్ దగ్గరికి రాదు" అంటూ రీల్స్ వస్తాయి. అదే ఫోన్‌లో వానాకాలం మొదలవగానే "పుట్టగొడుగుల కూర తిని కుటుంబమంతా ఆస్పత్రిపాలు" అని వార్త కూడా వస్తుంది. రెండూ ఒకే రకం వస్తువు గురించే. మరి దేన్ని నమ్మాలి? ఈ వ్యాసంలో అడవి పుట్టగొడుగు లోపల నిజంగా ఏమేం ఉంటాయో, అవి ఒంట్లోకి వెళ్లాక ఏం చేస్తాయో, ఎంతవరకు చేస్తాయో చూద్దాం. దారిలో ఒక ప్రశ్నను మాత్రం జేబులో పెట్టుకుందాం: "ఈ అంకె ఎలా కొలిచారు?" ల్యాబ్ రికార్డు రాసేవాళ్లం, ఆ మాత్రం అడగకపోతే ఎలా?

పేరులోనే ఉన్న సంగతి

'పుట్టగొడుగు' అని పేరు పెట్టినవాళ్లెవరోగానీ మంచి పరిశీలకులు. అది ఎక్కడ మొలుస్తుందో పేరులోనే చెప్పేశారు: పుట్ట మీద గొడుగు. కొన్ని ఊళ్లలో పుట్టకొక్కులు అంటారు, అందులోనూ పుట్ట ఉంది. తర్వాత మనం ఆ మాటను బటన్ మష్రూమ్‌కీ, ఆయిస్టర్ మష్రూమ్‌కీ, అన్నిటికీ వాడేస్తున్నాం గానీ, అసలు పేరు చెందాల్సింది వానాకాలంలో పుట్టల మీద, చేలగట్ల మీద గుంపులుగా మొలిచే రకానికి. శాస్త్రవేత్తలు దాని ప్రజాతిని టెర్మిటోమైసిస్ అంటారు. అంటే 'చెదల ఫంగస్'. ఫ్రాన్సుకు చెందిన రోజే ఎయిమ్ 1942లో ఆ పేరు పెట్టాడు. రెండు పేర్లూ ఒకే విషయం చెబుతున్నాయి.

పుట్ట అనగానే మనకు పాము, నాగుల చవితి గుర్తొస్తాయి. కానీ ఈ పుట్టలు కట్టేది చెదపురుగులు. వీటిలో కొన్ని జాతులు పుట్ట లోపల వ్యవసాయం చేస్తాయి. ఎండుటాకులు, పుల్లలు, గడ్డి నమిలి తెచ్చి, తమ మలంతో స్పాంజిలాంటి తెట్టెలు కడతాయి. ఆ తెట్టె మీద ఈ ఫంగస్‌ను పెంచుతాయి. చెక్కలోని లిగ్నిన్, సెల్యులోజ్ లాంటి గట్టి పదార్థాలను చెదపురుగు సొంతంగా పూర్తిగా అరిగించుకోలేదు. ఫంగస్ తన ఎంజైములతో వాటిని విడగొట్టి పెడితే అప్పుడు తింటుంది. మనిషి వ్యవసాయం మొదలుపెట్టి పది, పన్నెండు వేల ఏళ్లయితే, ఈ చెదలు దాదాపు 3 కోట్ల ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాయి.

ఏడాది పొడవునా ఫంగస్ సన్నటి దారాల రూపంలో లోపలే ఉంటుంది. వానలు పడి నేల బాగా తడిశాక, తెట్టె నుంచి పొడవాటి వేరులాంటి కాడ ఒకటి మట్టిని చీల్చుకుని పైకి వచ్చి గొడుగు విప్పుతుంది. మనం చూసేది చెట్టుకు కాయలాంటిది మాత్రమే. అసలు చెట్టు కింద ఉంది. కాబట్టి "రాత్రికి రాత్రే" అన్నది గొడుగు విప్పడానికే సరిపోతుంది. దాని వెనకున్న తయారీకి కాదు.

దీన్ని మనం ఎందుకు పండించలేకపోతున్నాం అన్నదానికి కూడా జవాబు ఇక్కడే ఉంది. బటన్ మష్రూమ్‌కు కంపోస్టు చాలు, ఆయిస్టర్‌కు వరిగడ్డి చాలు. పుట్టగొడుగుకు మాత్రం చెదలు, తెట్టె, పుట్ట లోపలి తేమ, వేడి అన్నీ కావాలి. వ్యాపార స్థాయిలో దీన్ని పండించడం ఇంతవరకు కుదరలేదు. అందుకే వానాకాలం బుట్టలో దీని ధర చికెన్‌ను దాటిపోతుంటుంది.

నూరు గ్రాముల లెక్క

ఇప్పుడు లోపలికి వెళ్దాం. పచ్చి పుట్టగొడుగులో దాదాపు 90 శాతం నీళ్లే. అందుకే కిలో తెచ్చి బాణలిలో వేస్తే నీరంతా ఊరి, చివరికి గుప్పెడు మిగులుతుంది. మిగిలిన 10 శాతంలోనే ప్రోటీన్, పీచు, చక్కెరలు, ఖనిజాలు, విటమిన్లు అన్నీ సర్దుకోవాలి. కొవ్వు చాలా తక్కువ. బటన్ మష్రూమ్‌ను లెక్కలోకి తీసుకుంటే నూరు గ్రాములకు సుమారు 22 కిలో కేలరీలు, 3 గ్రాముల ప్రోటీన్, అర గ్రాము కూడా లేని కొవ్వు. పొటాషియం 300 మిల్లీగ్రాముల పైన, సోడియం 10 మిల్లీగ్రాముల లోపు. బీపీ ఉన్నవాళ్లకు ఈ నిష్పత్తి బాగుంటుంది. కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించమని చెప్పించుకున్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగి తినాలి.

మరి "30 శాతం ప్రోటీన్" అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? అబద్ధం కాదు. ఎండు బరువు మీద చెప్పిన లెక్క అది. నీళ్లన్నీ తీసేశాక మిగిలిన పొడిలో 20 నుంచి 30 శాతం దాకా ప్రోటీన్ చూపించే అడవి పుట్టగొడుగులు చాలా ఉన్నాయి. కందిపప్పులోనూ 22 శాతం ఉంటుంది. కానీ కందిపప్పు డబ్బాలో ఎండుగానే ఉంటుంది. పుట్టగొడుగు బుట్టలో నీళ్లతో ఉంటుంది. నూరు గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల ప్రోటీన్ వస్తే, నూరు గ్రాముల పచ్చి పుట్టగొడుగులో 2, 3 గ్రాములే వస్తుంది. చికెన్‌లో 20 గ్రాములకు పైగా ఉంటుంది, అది కూడా పచ్చి బరువు మీదే. ఎండు లెక్కను పచ్చి లెక్కతో పోల్చి "మాంసాన్ని మించింది" అంటున్నారన్నమాట. వెట్ బేసిస్, డ్రై బేసిస్ అని కెమికల్ ఇంజనీరింగ్ మొదటి సెమిస్టర్‌లో మన తల తినేది ఇందుకే.

ఇంకో మెలిక ఉంది. ప్రోటీన్‌ను మామూలుగా నేరుగా కొలవరు. 1883లో డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త యోహాన్ కెల్డాల్ కనిపెట్టిన పద్ధతిలో నైట్రోజన్‌ను కొలుస్తారు. ప్రోటీన్‌లో సుమారు 16 శాతం నైట్రోజన్ ఉంటుంది కాబట్టి వచ్చిన అంకెను 6.25తో గుణిస్తారు. కానీ పుట్టగొడుగులో నైట్రోజన్ అంతా ప్రోటీన్‌లోనే ఉండదు. కొంత దాని కణాల గోడల్లో, అంటే కైటిన్‌లో ఉంటుంది. అది మన ఒంటికి ప్రోటీన్‌గా పనికిరాదు. అందుకని పుట్టగొడుగులకు 6.25 బదులు 4.38 వాడటం ఆనవాయితీ. ఒక ఎండు నమూనాలో 5 శాతం నైట్రోజన్ వచ్చిందనుకోండి. 6.25తో గుణిస్తే ప్రోటీన్ 31 శాతం. 4.38తో గుణిస్తే 22 శాతం. నమూనా ఒకటే, కొలత ఒకటే, గుణకం మారింది, అంతే. పేపర్‌లోగానీ ప్యాకెట్ మీదగానీ పెద్ద అంకె కనిపిస్తే ముందు ఏ గుణకం వాడారో చూడండి.

ఇంతకీ పుట్టగొడుగు ప్రోటీన్ పనికిరానిదా? కానే కాదు. మనకు బయటి నుంచి తప్పక అందాల్సిన అమైనో ఆమ్లాలు అందులో ఉన్నాయి. పప్పు, అన్నం పక్కన మంచి తోడు. పప్పుకు బదులు కాదు, పక్కన.

గోడల్లో ఏముంది

మొక్కల కణాలకు గోడలు సెల్యులోజ్‌తో కడితే, ఫంగస్ గోడలకు కైటిన్, బీటా గ్లూకాన్ వాడతారు. కైటిన్ అంటే రొయ్య పెంకులో, పీత పెంకులో, చెదపురుగు ఒంటి మీద ఉండే పదార్థమే. పుట్టగొడుగు మొక్క కాదు, జంతువూ కాదు, కానీ ఈ ఒక్క విషయంలో రొయ్యకు చుట్టం. మన జీర్ణవ్యవస్థ కైటిన్‌ను సరిగా అరిగించలేదు. అందుకే పుట్టగొడుగులను పచ్చిగా తినకూడదు, బాగా ఉడికించాలి. ఉడికితే గోడలు మెత్తబడి లోపలి పోషకాలు బయటికి వస్తాయి. ట్రెహలోజ్ అనే చక్కెర, మానిటాల్ అనే చక్కెర ఆల్కహాల్ కూడా ఇందులో ఉంటాయి. ఇవి కొంతమందికి పడవు. మంచి పుట్టగొడుగు తిన్నా కడుపు ఉబ్బరించిందంటే కారణం తరచుగా ఇదే.

బీటా గ్లూకాన్ కథ వేరు. ఇది గ్లూకోజ్ అణువుల గొలుసు. అన్నంలోని పిండిపదార్థమూ గ్లూకోజ్ గొలుసే, కానీ లింకు వేరు. ఆ లింకును తెంచే ఎంజైమ్ మన దగ్గర లేదు. కాబట్టి ఇది పీచుగా పేగుల్లోకి వెళ్తుంది, అక్కడి బాక్టీరియాకు ఆహారమవుతుంది. ఇంకో విశేషం ఏంటంటే, మన తెల్ల రక్తకణాల మీద డెక్టిన్-1 అనే గ్రాహకం ఉంది. ఫంగస్ బీటా గ్లూకాన్ తగిలితే అది గుర్తుపడుతుంది. ఎందుకంటే మన రోగనిరోధక వ్యవస్థకు ఫంగస్ ఒక శత్రువు, శత్రువు గోడ ఎలా ఉంటుందో దానికి తెలిసి ఉండాలి. 'ఇమ్యూనిటీ' ప్రచారమంతా ఇక్కడి నుంచే పుట్టింది.

ఈ ప్రచారంలో కొంత నిజం ఉంది. షిటాకే అనే పుట్టగొడుగు నుంచి తీసిన లెంటినాన్ అనే బీటా గ్లూకాన్‌ను జపాన్‌లో 1980లలో కడుపు క్యాన్సర్ రోగులకు కీమోథెరపీతో పాటు వాడటం మొదలుపెట్టారు. కానీ గమనించండి: అది శుద్ధి చేసిన పదార్థం, ఇంజెక్షన్‌గా ఇస్తారు, అసలు మందుకు తోడుగా ఇస్తారు. దీన్ని పట్టుకుని "పుట్టగొడుగుల వేపుడు తింటే క్యాన్సర్ పోతుంది" అనడం, పెన్సిలిన్ బూజు నుంచి వచ్చింది కాబట్టి బూజుపట్టిన బ్రెడ్ తింటే జ్వరం తగ్గుతుంది అన్నట్టు ఉంటుంది.

రుచికి కారణం

పుట్టగొడుగు కూరకు మాంసం కూర రుచి ఎందుకొస్తుంది? మసాలా ఒక్కటే కారణం కాదు. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచు నుంచి గ్లూటమేట్‌ను వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరుపెట్టాడు. తీపి, పులుపు, ఉప్పు, చేదు కాని ఐదో రుచి అది. పుట్టగొడుగుల్లో ఈ గ్లూటమేట్ సహజంగానే ఉంది. 1957లో అకిరా కునినాక అనే మరో జపాన్ శాస్త్రవేత్త గ్వానిలేట్ అనే పదార్థానికీ ఇదే రుచి ఉందని తేల్చాడు. షిటాకే పుట్టగొడుగుకు ఆ రుచి ఇచ్చేది ఇదే. గ్లూటమేట్, గ్వానిలేట్ రెండూ కలిస్తే రుచి ఒకటికి ఒకటి కలిపినట్టు రెండు కాదు, ఎన్నో రెట్లు పెరుగుతుంది. టమాటాలో గ్లూటమేట్ ఎక్కువ. పుట్టగొడుగుల కూరలో టమాటా వేసే మన వంటింటి పద్ధతికి వెనక ఇంత కెమిస్ట్రీ ఉంది.

ఎండలో పెడితే విటమిన్

జొన్న, సజ్జ పంటలకు వచ్చే తేనెబంక తెగులు తెలుసుగా? ఆ తెగులు తెచ్చే ఫంగస్ కుటుంబాన్ని యూరప్‌లో ఎర్గాట్ అంటారు. దాని నుంచి మొదట వేరుచేసిన రెండు పదార్థాలు పుట్టగొడుగుల్లోనూ ఉన్నాయి, అందుకే రెంటి పేర్లూ 'ఎర్గో' అని మొదలవుతాయి.

మొదటిది ఎర్గోస్టెరాల్. మన కణాల పొరల్లో కొలెస్టరాల్ చేసే పని ఫంగస్‌లో ఇది చేస్తుంది. దీని మీద ఎండలోని అల్ట్రావయొలెట్ బి కిరణాలు పడితే అణువులోని ఒక వలయం విడిపోయి, అది విటమిన్ డి2గా మారుతుంది. మన చర్మం కింద జరిగేదీ దాదాపు ఇదే, అక్కడ డి3 తయారవుతుంది. చీకటి గదిలో పెంచిన బటన్ మష్రూమ్‌లో విటమిన్ డి దాదాపు లేనట్టే. అదే పుట్టగొడుగును ముక్కలు కోసి మిట్టమధ్యాహ్నం ఎండలో కాసేపు పెడితే నూరు గ్రాములకు 10 మైక్రోగ్రాములు దాటిపోవచ్చు. కోసిన తర్వాత కూడా, అంటే ఫ్రిజ్‌లోంచి తీసినదానికి కూడా ఈ మార్పు జరుగుతుంది, ఎందుకంటే దీనికి ప్రాణం అక్కర్లేదు, కాంతి చాలు. గాజు కిటికీ వెనక పెడితే మాత్రం లాభం లేదు, గాజు ఆ కిరణాలను ఆపేస్తుంది. డి3 అంత గట్టిగా డి2 పనిచేయదన్నది నిజమే. అయినా శాకాహారంలో విటమిన్ డి దొరికే చోట్లు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు కాబట్టి దీని విలువ తక్కువ కాదు. హాస్టల్ గదుల్లోంచి బయటికి రాని మనకు మరీను.

రెండోది ఎర్గోథయోనిన్. ఫ్రాన్సులో షార్ల్ తాన్రే 1909లో దీన్ని వేరుచేశాడు. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లానికి గంధకం చేరిన రూపం ఇది. మన శరీరం దీన్ని తయారుచేసుకోలేదు, మొక్కలూ చేసుకోలేవు. మన ఆహారంలో దీనికి అన్నిటికన్నా పెద్ద ఆధారం పుట్టగొడుగులే. దీన్ని కణాల లోపలికి మోసుకెళ్లడానికి మన ఒంట్లో ఒక రవాణా ప్రోటీన్ ఉందని 2005లో తేలింది. ఒంట్లో తయారు కాని పదార్థాన్ని ఒళ్లు ఇంత పనిగట్టుకుని దాచుకుంటోందంటే దానికేదో పని ఉండి ఉండాలని శాస్త్రవేత్తలు దాని మీద పరిశోధిస్తున్నారు. ఆక్సీకరణ వల్ల కణాలకు జరిగే నష్టాన్ని ఇది తగ్గిస్తుందని ల్యాబ్ ప్రయోగాలు చెబుతున్నాయి.

ఇక్కడే మన జేబులోని ప్రశ్న మళ్లీ తీద్దాం. అడవి పుట్టగొడుగుల మీద వచ్చే పరిశోధన పత్రాల్లో చాలావాటిలో ఒకే పరీక్ష కనిపిస్తుంది. పుట్టగొడుగును ఎండబెట్టి, పొడిచేసి, మిథనాల్‌లో నానబెట్టి, ఆ రసాన్ని డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రావణంలో కలుపుతారు. ఊదా పోయి పసుపు తేలితే యాంటీ ఆక్సిడెంట్ గుణం ఉన్నట్టు. 517 నానోమీటర్ల దగ్గర రంగు ఎంత తగ్గిందో చూసి అంకె వేస్తారు. మంచి పరీక్షే, తేలిక, చవక. కానీ గాజు గొట్టంలో పేగులు లేవు, లివర్ లేదు, రక్తం లేదు. మనం మిథనాల్ రసం తాగం కూడా. కాబట్టి ఆ అంకె "దీన్ని ఇంకా పరిశీలించొచ్చు" అని చెబుతుంది. "తింటే రోగం తగ్గుతుంది" అని చెప్పదు. పత్రం రాసినవాళ్లు సాధారణంగా మొదటి మాటే రాస్తారు. రీల్ చేసేవాళ్లు రెండోది చెబుతారు.

మట్టిలో ఉన్నదంతా తనలోకి

ఫంగస్ దారాలు మట్టిలో చాలా దూరం పాకి, దొరికినదాన్ని పీల్చుకుంటాయి. పొటాషియం, సెలీనియం, రాగి లాంటి మంచివి అలాగే వస్తాయి. కాడ్మియం, పాదరసం, సీసం, ఆర్సెనిక్ కూడా అలాగే వస్తాయి. కొన్ని జాతులు మట్టిలో ఉన్నదానికన్నా ఎక్కువ గాఢతలో వీటిని కూడబెడతాయి. 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగాక యూరప్ అడవుల్లో పుట్టగొడుగుల్లోకి సీజియం-137 చేరింది. దాని అర్ధాయువు 30 ఏళ్లు కాబట్టి జర్మనీలోని బవేరియాలాంటి చోట్ల దశాబ్దాల తర్వాత కూడా వాటిని కొలుస్తూనే ఉన్నారు.

దీని అర్థం మనకు ఏంటంటే, 'అడవిది, కాబట్టి స్వచ్ఛం' అన్న మాట చెల్లదు. హైవే పక్కన, ఫ్యాక్టరీల చుట్టూ, చెత్త డంపింగ్ యార్డుల దగ్గర, పురుగుమందు కొట్టిన చేలల్లో మొలిచినవి తినే జాతివే అయినా తినకూడదు. ఉడికిస్తే లోహాలు మాయమైపోవు.

అదే ఇటుకలతో విషం

2022 ఏప్రిల్‌లో ఎగువ అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది తేయాకు తోటల కుటుంబాలవాళ్లు. ఒక చిన్నపాప కూడా ఉంది. వాళ్లంతా పుట్టగొడుగులు కొత్తగా తింటున్నవాళ్లేమీ కాదు. మరి ఎలా జరిగింది?

పుట్టగొడుగు మరణాల్లో ఎక్కువ భాగానికి కారణం అమానిటా ప్రజాతిలో కొన్ని జాతులు తయారుచేసే అమాటాక్సిన్లు. వాటిలో ముఖ్యమైనది ఆల్ఫా అమానిటిన్. దాని నిర్మాణం చూస్తే ఆశ్చర్యమేస్తుంది: ఎనిమిది అమైనో ఆమ్లాలు వలయంగా కట్టుకున్న చిన్న గొలుసు. మనం ఇందాకటిదాకా పొగిడిన ప్రోటీన్‌ను కట్టే ఇటుకలే. మామూలు ప్రోటీన్‌ను మన జీర్ణరసాలు రెండు చివర్ల నుంచీ తెంచుతూ పోతాయి. వలయానికి చివర్లు ఉండవు, అందుకే అది చెక్కుచెదరకుండా రక్తంలోకి వెళ్తుంది. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా విరగదు. లివర్ కణాల్లోకి చేరి ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-2 అనే ఎంజైమ్‌ను పట్టేస్తుంది. జన్యువుల్లోని సమాచారాన్ని చదివి నకలు తీసే యంత్రం అది. అది ఆగితే కణం కొత్త ప్రోటీన్లు చేసుకోలేదు, చచ్చిపోతుంది. పెద్ద మనిషికి కొన్ని మిల్లీగ్రాములు చాలు. ఒక్క గొడుగులో అంత ఉండొచ్చు.

ఇంకా ఘోరమైనది దీని టైమింగ్. తిన్న వెంటనే ఏమీ కాదు. రుచి కూడా బాగానే ఉంటుందని బతికినవాళ్లు చెప్పారు. 6 నుంచి 24 గంటల తర్వాత వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. సెలైన్ పెట్టాక రెండో రోజు తేరుకున్నట్టు కనిపిస్తారు, కొంతమంది ఇంటికి కూడా వెళ్లిపోతారు. ఆ సమయంలోనే లివర్ లోపల నష్టం జరుగుతూ ఉంటుంది. మూడో రోజు నుంచి కామెర్లు, స్పృహ తప్పడం. అప్పటికి కొందరికి లివర్ మార్పిడి తప్ప దారి ఉండదు.

అందుకే ఇళ్లలో చెప్పుకునే పరీక్షలన్నీ ప్రమాదమే. వెండి ఉంగరం వేస్తే నల్లబడుతుందంటారు; అమానిటిన్ వెండిని ఏమీ చేయదు. వెల్లుల్లి, బియ్యం వేసి రంగు మారుతుందేమో చూస్తారు, మారదు. పురుగు తిన్నది మనమూ తినొచ్చంటారు. ఈ విషాన్ని తట్టుకుని ఆ పుట్టగొడుగులోనే పెరిగే ఈగలున్నాయి. కోడికి పెట్టి చూశామంటారు. విషం పనిచేయడం మొదలయ్యేసరికి మన భోజనం కూడా అయిపోతుంది. ఫోన్ యాప్‌తో ఫొటో తీసి చూడటం ఇప్పటి వెండి ఉంగరం. ఫొటోలో గొడుగు పైభాగమే పడుతుంది. కాడ మొదలు మట్టిలో ఎలా ఉందో, కింద గుడ్డు పెంకులాంటి తొడుగు ఉందో లేదో, బీజాల రంగేంటో యాప్‌కు తెలియదు.

వానల్లో పచ్చిక మైదానాల్లో తెల్లగా, అందంగా మొలిచే క్లోరోఫిల్లమ్ అనే ఇంకో రకం ఉంది. తినేవాటిలానే ఉంటుంది. ముదిరితే కింది రెక్కలు ఆకుపచ్చగా మారతాయి, లేతగా ఉన్నప్పుడు తెల్లగానే ఉంటాయి. తిన్న కొద్ది గంటల్లో విపరీతంగా వాంతులు చేయిస్తుంది. మామూలుగా ప్రాణం తీయదు, కానీ రెండు రోజులు మంచం దిగనివ్వదు. కాలేజీ గ్రౌండ్‌లో మొలిచినదాన్ని హాస్టల్ ఇండక్షన్ స్టవ్ మీదికి ఎక్కించే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇక్కడితో మానుకోండి.

చూసి తెలుసుకునేవాళ్లు

మరి ఏజెన్సీ గూడేల్లో, పల్లెల్లో తరతరాలుగా కోసుకొచ్చి తింటున్నవాళ్లు ఎలా బతికున్నారు? వాళ్లు గొడుగు ఒక్కదాన్నే చూడరు. ఏ పుట్ట, ఏ కార్తె, ఎన్నో వాన, పక్కన ఏ చెట్టు, తవ్వితే కాడ ఎంత లోతుకు పోతుంది, వాసనేంటి, పోయినేడు ఇక్కడే మొలిచిందా, ఇవన్నీ కలిపి చూస్తారు. టెర్మిటోమైసిస్‌ను తవ్వితే కాడ సన్నబడుతూ పుట్ట లోపలి తెట్టె దాకా పోతుంది. ఇది గట్టి ఆనవాలు. ఇది తెలుసుకోవాలంటే చిన్నప్పటి నుంచి ఆ నేల మీద, తెలిసినవాళ్ల వెంట తిరగాలి. ఆ తెలివి ఆ చోటికే చెల్లుతుంది కూడా. పని కోసం వేరే ప్రాంతానికి వెళ్లినవాళ్లు అక్కడ తమ ఊరి పుట్టగొడుగులాగే కనిపించేదాన్ని కోసి ప్రాణం మీదికి తెచ్చుకున్న సంఘటనలు చాలా దేశాల్లో ఉన్నాయి.

ఆ తెలివి కూడా ఇప్పుడు తరిగిపోతోంది. చేలల్లో పుట్టలు చదును చేసేస్తున్నారు, వెంచర్లు వేసేస్తున్నారు. పుట్ట పోతే చెద పోతుంది, చెద పోతే గొడుగు పోతుంది. గుర్తుపట్టే అవ్వల దగ్గర నేర్చుకునే మనవళ్లు సిటీల్లో ఉన్నారు.

తినాలనుకునేవాళ్లకు భయం లేని దారి ఒకటుంది. పాల పుట్టగొడుగు అని ఇప్పుడు మార్కెట్లో దొరికేది ఒకప్పుడు అడవిదే. 1974లో పశ్చిమ బెంగాల్ నుంచి దాన్ని కొత్త జాతిగా వర్ణించారు. 30 డిగ్రీల పైన వేడిలో కూడా పెరుగుతుంది కాబట్టి మన ఎండలకు సరిపోయింది. హిమాచల్‌లోని సోలన్‌లో పుట్టగొడుగుల కోసమే జాతీయ పరిశోధన సంస్థ ఉంది. పెంచినవాటిలోనూ బీటా గ్లూకాన్, ఎర్గోథయోనిన్, ఎర్గోస్టెరాల్ అన్నీ ఉన్నాయి. కాసేపు ఎండ చూపించి, బాగా ఉడికించి తినండి.

అడవివి తిన్నాక ఎవరికైనా వాంతులు మొదలైతే, అందులోనూ ఆరు గంటలు దాటాక మొదలైతే, తగ్గిపోతుందిలే అని ఆగకండి. మిగిలిన కూర, కోయని ముక్కలు ఏవైనా ఉంటే కాగితం సంచిలో వేసుకుని పెద్దాసుపత్రికి వెళ్లండి. ఎన్ని గంటలకు తిన్నారో చెప్పండి. అదే కూర తిన్నవాళ్లందరినీ, బాగానే ఉన్నామంటున్నా సరే, వెంట తీసుకెళ్లండి. రెండో రోజు తేరుకున్నట్టు కనిపిస్తే డిశ్చార్జికి తొందరపడకండి.

చివరగా మన క్లబ్‌కు ఒక పని. ఈ సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు మీ అమ్మమ్మనో, పొలంలో పనిచేసే పెద్దవాళ్లనో అడగండి: మీ ఊళ్లో తినే గొడుగులను ఏమంటారు, తినకూడనివాటిని ఏమంటారు, ఏ కార్తెలో వస్తాయి, ఎలా గుర్తుపడతారు? రాసి పంపండి. కోయడానికి కాదు, కూరకీ కాదు. ఒక్కో పేరులో ఒక్కో పరిశీలన దాగి ఉంటుంది, 'పుట్టగొడుగు'లో ఉన్నట్టు. వచ్చినవన్నీ కలిపి వచ్చే సంచికలో ఒక పట్టికగా వేద్దాం.